సత్తు గిన్నె, స్టీలు గిన్నె

సత్తు గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. మా ఇంట్లో ఆడపిల్లకు అఆల కన్నా ముందు నేర్పిన సంగతి ఇది. తగరంతో చేసే ఆ గిన్నె చూడడానికి బరువుగా, పెద్దమనిషి తరహాగా ఉంటుంది గానీ ఒట్టి మంటకు ఆగదు. లోపల చింతపండు పులుసు ఉన్నంతసేపూ ఎంత మరిగినా దానికి ఏ ఢోకా లేదు. ఏమీ లేకుండా మంట మీద పెట్టామా, ఇట్టే కరిగి కారిపోతుంది. అందుకని మా అమ్మ గట్టు మీదే గిన్నెలో చారు నీళ్లు పోసుకుని, ఉప్పూ పసుపూ కరివేపాకూ వేసుకుని, ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకుని అప్పుడు పొయ్యి దగ్గరికి నడిచేది. పొయ్యి మీద పెట్టాక నీళ్లు పోసుకోవచ్చులే అనే బద్ధకం ఆవిడ దగ్గర నేను ఎన్నడూ చూడలేదు. “ముందు నీళ్లు, తరవాతే నిప్పు” అని నాచేత వల్లె వేయించింది. ఆ గిన్నె ఆవిడకు వాళ్ల అమ్మ ఇచ్చినది. పెళ్లయిన కొత్తలో కాకినాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ట్రంకు పెట్టెలో వేస్తే సొట్ట పడుతుందని భయం.

ఈ చలికాలంలో ఒక పొద్దున్న, మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో, పొగమంచులోంచి పిసినారిగా వస్తున్న ఎండలో కూచుని బఠాణీలు ఒలుస్తున్నాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. తరవాత మా ఆయన కూడా పోయారు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అప్పటికే అమ్మకు మరుపు ఎక్కువైంది. పెట్టుకున్న కళ్లజోడు కోసం వెతకడం, తిన్న అన్నం తినలేదనడం, పోయిన వాళ్లను ఇంకా రాలేదేమని అడగడం. అయినా వంటింట్లోకి వెళ్తే మాత్రం చేతులు వాటంతట అవే పని చేసుకుపోయేవి. పోపు మాడేది కాదు, ఉప్పు తప్పేది కాదు. మనిషి ఇక్కడే ఉంది కదా అని నేను ధైర్యంగా ఉండేదాన్ని. ఆ రోజు వంటింట్లోంచి వేడెక్కిన లోహం వాసన వచ్చింది. మాడు వాసన కాదు, గ్యాస్ వాసనా కాదు. ఒళ్లో బఠాణీలు అన్నీ నేల మీద దొర్లించుకుంటూ పరిగెత్తాను.

పొయ్యి మీద గిన్నె లేదు. బర్నరు చుట్టూ తెల్లగా, వెండి కరిగించి పోసినట్టు ఒక మడుగు ఉంది. గిన్నె అంచు ముక్క ఒకటి ఇంకా కరగకుండా మంట పక్కన పడి ఉంది. అమ్మ పటకారు చేత్తో పట్టుకుని ఆ మంట వైపు చూస్తూ నిలబడింది. చారు నీళ్లు కలిపిన చెంబు గట్టు మీద అలాగే ఉంది. నేను గ్యాస్ కట్టేసి, ఆవిడ చేతులు తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా కాలలేదు.

“ఇక్కడే పెట్టానే గిన్నె,” అంది అమ్మ. “ఎవరో పట్టుకుపోయారు.”

“ఎవరూ పట్టుకుపోలేదమ్మా. కరిగిపోయింది.”

“సత్తు గిన్నె కరగడం ఏవిటే? మతి పోయిందా నీకు? నీళ్లు లేకుండా ఎవరు పెడతారు?”

అమ్మకు రూలు గుర్తుంది. రూలు తప్పింది తానేనని తెలియలేదు. నేను ఆవిడను హాల్లో కుర్చీలో కూచోబెట్టి, వంటింట్లో కింద కూలబడి ఏడ్చాను. గిన్నె కోసం ఏడ్చానంటే నమ్మకండి.

చల్లారాక ఆ ముద్దను అట్లకాడతో ఊడదీశాను. అరచేతిలో పట్టేంత ఉంది. అంత గిన్నె ఇంతేనా అనిపించింది. దాన్ని చేత్తో పట్టుకుంటే సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ వంటిల్లు మొత్తం కళ్ల ముందుకు వచ్చింది. ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. వాటిని కూల్చి, మెడ నొప్పెట్టేంత ఎత్తు మేడలు లేపుతున్నారు. మా నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. గుమాస్తాకి ఎంత వంటిల్లు ఇస్తారో అంతే ఇచ్చారు మాకు. ఇద్దరు నిలబడితే మూడో వాళ్లు గుమ్మంలో ఆగాలి. అందులోనే అంగీఠీ అనే బొగ్గుల కుంపటి, కిరోసిన్ స్టవ్వు, గోడకు చెక్క అల్మారా, దాని మీద అమ్మ గిన్నెల రాజ్యం.

ఆ రాజ్యంలో ఎవరి ఉద్యోగం వాళ్లది. చారుకి సత్తు గిన్నె. పులుసుకి రాచ్చిప్ప, అంటే మెత్తటి రాతిని తొలిచి చేసిన గిన్నె. అది దించాక కూడా చాలాసేపు లోపల పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది. వేపుళ్లకు ఇనప మూకుడు, అట్లకు ఇనప పెనం. అన్నానికి కళాయి పోసిన ఇత్తడి గిన్నె. పాలకు మాత్రమే వాడే అల్యూమినియం గిన్నె ఒకటి. దాంట్లో ఇంకేం వండినా పాలు విరుగుతాయని అమ్మ నమ్మకం. ఒకసారి నాన్న తెలియక దాంట్లో టీ కాచుకున్నారు. అమ్మ ఆ రోజంతా ఆయనతో నా ద్వారా మాట్లాడింది. “మీ నాన్నని అడుగు, అన్నం తింటారేమో.” “మీ అమ్మతో చెప్పు, తింటానని.” నేను వాళ్లిద్దరి మధ్య చాప మీద కూచుని కబుర్లు అందిస్తూ ఉన్నాను.

అప్పట్లో కళాయి వేసేవాడు వీధిలోకి వస్తే పండగలా ఉండేది. “బర్తన్ కలయీ కరా లో” అని కేకేస్తూ సైకిల్ మీద వచ్చి వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, తోలు తిత్తితో నిప్పు రాజేసేవాడు. కాలిన ఇత్తడి గిన్నెలో నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేచి ముక్కులో ఘాటుగా దూరేది. ఆ వెంటనే తగరం ముక్క ఒకటి గిన్నెలో రుద్ది దూదితో తిప్పేసరికి పచ్చటి లోపలంతా తెల్లగా తళతళలాడేది. కళాయి పోయిన గిన్నెలో పుల్లటిది వండితే చిలుము దిగి కడుపులో తిప్పుతుందని, అమ్మ గిన్నెలో తల పెట్టి మరీ చూసి, ఎక్కడ పచ్చగా కనపడినా మళ్లీ వేయించేది. నాకు ఆ నవాసారం ఘాటు ఇష్టం. దగ్గరికి వెళ్లి పీల్చి తుమ్మేదాన్ని. ఈ ఢిల్లీలో ఇప్పుడు చలికాలం గాలి అంతకన్నా ఘాటుగా ఉంది గానీ దాంట్లో అలాంటి సరదా ఏమీ లేదు.

తోమడం నా వంతు. అంగీఠీలో మిగిలిన బూడిద జల్లించి ఒక డబ్బాలో ఉంచేది అమ్మ. ఇత్తడికి చింతపండు పిప్పి, ఉప్పు. మిగిలిన వాటికి బూడిద, కుంకుడు పిప్పి. కొబ్బరి పీచు ఢిల్లీలో దొరకదు. సెలవులకు ఊరు వెళ్లి వచ్చేటప్పుడు అందరూ పచ్చళ్లు, వడియాలు తెచ్చుకుంటే మేం వాటితో పాటు ఒక గోనె సంచీడు కొబ్బరి పీచు తెచ్చుకునేవాళ్లం. స్టేషన్లో కూలీ ఆ సంచీ ఎత్తి, దాంట్లో బరువే లేకపోవడం చూసి, “ఇస్ మే క్యా హై?” అని అనుమానంగా అడిగేవాడు. నాన్న సిగ్గుతో మరో వైపు చూసేవారు. “బర్తన్ కా దాడీ,” అనేది అమ్మ. గిన్నెలకు గడ్డమట. ఆవిడ హిందీ అలాగే ఉండేది. చలికాలంలో కుళాయి నీళ్లు వేళ్లు కొరికేవి. తోమాక వేళ్లు ఎర్రబడి, వంగేవి కావు. అమ్మ వాటిని తన మెడ దగ్గర పెట్టుకుని వెచ్చచేసేది. ఆవిడ అదిరిపడేది గానీ చేతులు తీయనిచ్చేది కాదు.

ఆ రాజ్యంలోకి స్టీలు వచ్చింది నాన్న పంట్లాం మీద. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్లు నెత్తిన గంపతో మధ్యాహ్నం పూట వచ్చేవారు. మగవాళ్లు ఆఫీసులో ఉండే వేళ చూసుకుని రావడంలోనే వాళ్ల తెలివంతా ఉంది. పక్కింటి బిమ్లా ఆంటీ అనే పంజాబీ ఆవిడ అమ్మకు ఈ బేరం నేర్పింది. అమ్మ చిరిగిన చీరలు, నా పొట్టి గౌన్లు తెచ్చి పోసినా ఆ గంపావిడ పెదవి విరిచింది. చివరికి నాన్న టెరిలీన్ పంట్లాం ఒకటి బయటికి వచ్చింది. దానికి మూతున్న స్టీలు గిన్నె ఒకటి వచ్చింది. సాయంత్రం నాన్న పంట్లాం కోసం వెతుకుతుంటే అమ్మ ఆయన ముందు ఆ గిన్నెలో ఉప్మా పెట్టి, “మీరు వెతికేది దీని కింద ఉందేమో చూడండి” అంది. నాన్న కోప్పడలేదు. గిన్నెను గోటితో టింగుమనిపించి, “ఇదీ సామానంటే. కళాయి అక్కర్లేదు, చిలుము పట్టదు, కింద పడినా సొట్ట పడదు. ఇక వంటంతా దీంట్లోనే చెయ్యి” అన్నారు.

అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ దృష్టిలో స్టీలు తినడానికీ, దాచుకోవడానికీ, వచ్చిన వాళ్లు చూడడానికీ. వండడానికి కాదు. “దానికి వేడి పంచుకోవడం తెలీదండీ. మంట ఎక్కడ తగిలితే అక్కడే పట్టుకుని కూచుంటుంది. అడుగంటుతుంది,” అనేది. నిజమే, ఆ రోజుల స్టీలు రేకులా పల్చగా ఉండేది. మంట తగిలిన చోట నీలంగా, ఇంద్రధనుస్సు రంగుల్లో మచ్చ పడేది. నాన్న మాట కాదనలేక ఒకసారి దాంట్లో సేమ్యా పాయసం చేసింది. అడుగున నల్లగా అట్టు కట్టింది. నాన్న ఆ మాడు పాయసం మాట్లాడకుండా తాగి, “బానే ఉంది, కొంచెం కాఫీ రుచి వచ్చింది” అన్నారు. ఆ తరవాత స్టీలు ప్రసక్తి తేలేదు.

కానీ ఆ మాడిన గిన్నెను అమ్మ బాగుచేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నేను బూడిద, పీచు పట్టుకుని యుద్ధానికి సిద్ధమయ్యాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. గిన్నెలో నీళ్లు పోసింది, చింతపండు పిప్పి, ఉప్పు వేసింది, పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానిచ్చింది. దించి, మూత పెట్టి, పక్కన పెట్టి, వేరే పని చూసుకుంది. సాయంత్రానికి వేళ్లతో తాకితే చాలు, నల్లటి పొర పేలికలా లేచి వచ్చేసింది. “మాడిన గిన్నెతో పోట్లాడకూడదే,” అంది. “గీతలు పడతాయి, నీ చేతులూ పోతాయి. దానికి కాస్త వ్యవధి ఇస్తే అదే వదులుతుంది.” బిమ్లా ఆంటీ ఖీర్ మాడ్చుకుని గిన్నె పట్టుకొచ్చినప్పుడు కూడా అమ్మ ఇదే వైద్యం చేసింది. “లడాయీ నహీ, బెహన్‌జీ. భిగో దో. అప్నే ఆప్ ఛోడేగా.” పోట్లాట వద్దు, నానబెడితే అదే వదులుతుందని. ఆ తరవాత మా వరసలో ఎవరింట్లో ఏది మాడినా అమ్మ దగ్గరికే వచ్చేది. మా గుమ్మంలో నల్లటి గిన్నెలు వైద్యుడి ఇంటి ముందు రోగుల్లా బారులు తీరేవి. నాన్న ఆఫీసు నుంచి వస్తూ వాటిని దాటుకుని లోపలికి రావలసి వచ్చేది.

పెళ్లయ్యాక నేను జనక్‌పురిలో అద్దె ఇంట్లో కాపురం పెట్టాను. అప్పుడే కొత్తగా వచ్చిన నాన్‌స్టిక్ పెనం ఒకటి సరదా పడి కొనుక్కున్నాను. అమ్మ చూడడానికి వచ్చింది. నేను ఆఫీసు నుంచి తిరిగి వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చి, చీర కుచ్చిళ్లు ఇంకా పైకి దోపుకునే ఉండి, “ఎంత మసి పట్టించావే ఆ పెనానికి! కొంపకి కొత్తనుకో, గిన్నెలకి కూడా కొత్తేనా నువ్వు? పొద్దుట్నించీ తోముతున్నా, ఇప్పటికి వదిలింది” అంది. పెనం తెల్లగా, అద్దంలా మెరిసిపోతోంది. నల్లటి పూత మొత్తం డ్రైనేజీలో కలిసిపోయింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను “చాలా బాగా తోమావమ్మా” అన్నాను. ఆ పెనం మీద తరవాత అట్టు ఒక్కటి కూడా లేచి రాలేదు. అయినా దాన్ని పారేయలేదు. అమ్మ అంత కష్టపడింది కదా.

సత్తు గిన్నె కరిగిన రోజు నేను మా అమ్మాయి నిత్యకు ఫోన్ చేశాను. అది నోయిడాలో ఒక కంపెనీలో పని చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడానికి నోరు తిరగదంటుంది. “మమ్మీ, గ్యాస్ బంద్ చేసెయ్. నేను ఇండక్షన్ తెస్తున్నా. బస్, నో డిస్కషన్,” అంది. అమ్మను చూసే డాక్టరు కూడా అదే అన్నాడు. వంటింట్లో ఒంటరిగా వదలకండి, ఈ జబ్బు ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు అన్నాడు. ఇంకేమైనా మందు ఉందా అని నేను అడిగితే, ఆయన ప్రిస్క్రిప్షన్ మీద ఉన్న మందులనే మళ్లీ చదివి వినిపించాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నిత్య ఆదివారం నాడు ఇండక్షన్ స్టవ్వుతో పాటు అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె ఒకటి తెచ్చింది. మూడు పొరల స్టీలట. అడుగంటదట. స్టీల్లో అంటుకోకుండా వండాలంటే ముందు ఖాళీ గిన్నె వేడి చేసి, నీటి చుక్క వేసి చూడాలట. చుక్క ముత్యంలా దొర్లితే అప్పుడు నూనె వేయాలట. ఫోన్లో చూసి నేర్చుకుంది. “నానీ, దేఖో!” అని ఎంతో ఉత్సాహంగా వాళ్ల అమ్మమ్మకు చూపించింది. అట్ల పెనం మీద జన్మంతా నీళ్లు చిలకరించి చూసుకున్న అమ్మ ఆ చుక్కను చూసి చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. తరవాత ఆ నల్లటి అద్దం పలక మీదికి వంగి, “నిప్పేదే?” అని అడిగింది. “అందులో నిప్పుండదమ్మా,” అన్నాను. “నిప్పు లేకుండా ఎలా ఉడుకుతుంది? ఎవరో మిమ్మల్ని మోసం చేశారు,” అంది.

ఆ స్టవ్వు మీద ఏ గిన్నె పడితే ఆ గిన్నె పనికిరాదు. అయస్కాంతం పట్టే గిన్నెలే వేడెక్కుతాయి. నిత్య ఫ్రిజ్ మీద అతికించి ఉన్న తాజ్‌మహల్ అయస్కాంతం పీకి అల్మారాలోంచి ఒక్కో గిన్నే తీసి పరీక్ష పెట్టింది. ఇత్తడి గిన్నెకు పట్టలేదు. పాల గిన్నెకు పట్టలేదు. రాచ్చిప్ప సంగతి చెప్పనే అక్కర్లేదు. నాన్న పంట్లాం ఇచ్చి తెచ్చుకున్న స్టీలు గిన్నెకు కూడా పట్టకుండా తాజ్‌మహల్ కింద పడింది. ఇనప మూకుడుకు గట్టిగా అంటుకుంది గానీ దాని అడుగు గుండ్రంగా ఉంది, పలక మీద నిలవదు. ఇనప పెనం ఒక్కటే గెలిచింది. అమ్మ స్టూలు మీద కూచుని అదేదో ఆటనుకుని, “ఇది పట్టిందా? అయ్యో, పట్టలేదూ?” అంటూ ప్రతిదానికీ నవ్వింది. ఓడిపోయిన వాటన్నిటినీ నిత్య పాత దుప్పట్లో మూటకట్టి అటక మీదికి ఎక్కిస్తుంటే అమ్మ నవ్వు ఆగిపోయింది.

“క్వార్టర్ మారుతున్నామా?” అని అడిగింది. “మీ నాన్నకి ఆర్డరు వచ్చిందా?”

నిత్య నా వైపు చూసింది. నేను “లేదమ్మా” అన్నాను. “మరి నా గిన్నెలెందుకు కడుతున్నారు?” అంది. నిత్య నిచ్చెన మీద నుంచే “ఐ యామ్ సారీ, నానీ” అంది. ప్రమాదం తప్పించామని నాకు తెలుసు. మేం చేసింది సరైన పనేనని ఎవరినడిగినా చెబుతారు. అయినా ఆ ఆదివారం మా అమ్మ ఇంట్లో ఉండగానే మా అమ్మ సామాను సర్దేశాం.

ఆ తరవాత అమ్మ చేతులకు పని లేకుండా పోయింది. కుర్చీలో కూచుని చీర చెంగును మడతలు పెడుతుంది, విప్పుతుంది, మళ్లీ పెడుతుంది. నేను పెసరపప్పు ఇచ్చి రాళ్లేరమన్నాను. పాకెట్లో పప్పుకి రాళ్లెక్కడివి? కాసేపు చూసి పక్కన పెట్టింది. ఒకరోజు మా పనిమనిషి సరితా దీదీ గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వెళ్లి ఆమె చేతిలోంచి గిన్నె లాక్కుంది. “మాజీ, రహ్నే దో, మై కర్ రహీ హూఁ,” వదిలెయ్యండి, నేను చేస్తున్నాను కదా అని దీదీ మొత్తుకుంది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడి ఉంది. నన్ను చూసి తడబడి, కొంగు సర్దుకుంది.

“ఏమీ అనుకోకండి,” అంది నాతో. “మీ ఇంట్లో ఇన్నాళ్లుగా కూచుని తింటున్నాను. ఊరికే తింటే బాగుండదు కదండీ. గిన్నెలైనా తోమనివ్వండి.”

ఆ మాట అంత మర్యాదగా, అంత మొహమాటంగా అంది. నేను ఎవరినో ఆవిడకు తెలియదు. కానీ ఒకరింట్లో ఉన్నప్పుడు ఎలా ఉండాలో తెలుసు. “అమ్మా, నేనే” అని పేరు చెప్పాను. “మా అమ్మాయి పేరు కూడా అదేనండీ,” అంది సంతోషంగా. దీదీ నీళ్ల కుళాయి కట్టేసి బయటికి వెళ్లిపోయింది. నా బాధ మోసే శక్తి నాకే లేనప్పుడు ఆమెకు ఎక్కడినుంచి వస్తుంది?

అప్పటినుంచి రోజూ అమ్మకు తోమడానికి ఒక గిన్నె ఇవ్వడం మొదలుపెట్టాను. నిత్య తెచ్చిన ఆ స్టీలు గిన్నే ఇచ్చేదాన్ని. దీదీ కడిగి బోర్లించినదాన్నే సింకులో పెట్టి, “ఇది కాస్త చూడండి” అనేదాన్ని. అవును, నేను కూడా “అండీ” లోకి దిగిపోయాను. “నువ్వు” అంటే ఆవిడ ముఖం చిన్నబోతోంది. పరాయి ఆడమనిషి ఏకవచనంలో పిలుస్తోందని. అలా కొన్నాళ్లు గడిచింది. ఒకరోజు అమ్మ గిన్నె తిప్పి చూసింది, వేలితో అడుగు రాసి చూసింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పట్టి చూసింది. అరవయ్యేళ్ల పైచిలుకు గిన్నెలు చూసిన కన్ను అది.

“ఇది తోమిన గిన్నె,” అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నన్ను పసిపిల్లను చేసి ఆడిస్తున్నారా మీరు? ఏమీ చాతకానిదాన్ననా?”

గిన్నె సింకులో వదిలేసి వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. ఎంత బతిమాలినా లేవలేదు. ఇంటి వాళ్లు అవమానిస్తే వాళ్ల అన్నం ఎవరు తింటారు?

మర్నాడు పొద్దున్న నేను ఆ స్టీలు గిన్నెలో పాలు పోసి, పొయ్యి హెచ్చులో పెట్టి, కలపకుండా పక్కన నిలబడ్డాను. నా చేతులు గరిటె కోసం వెళ్తున్నాయి. వెనక్కి లాక్కున్నాను. అడుగంటనివ్వకూడదని ఏళ్ల తరబడి నాకు నేర్పిన మనిషి పక్క గదిలో ఉంది, నేను కావాలని మాడుస్తున్నాను. మూడు పొరల స్టీలు కదా, త్వరగా మాడదు, సతాయించింది. చివరికి గోధుమ రంగు తిరిగి, నల్లబడి, ఇల్లంతా మాడు పాల వాసన కొట్టింది. కిటికీలు తెరవలేదు. ఆ వాసనకు అమ్మ తనంతట తాను లేచి వచ్చింది. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది. ముఖంలోకి ఎన్నాళ్లుగానో లేని కళ వచ్చింది.

“అయ్యయ్యో, పాలు మాడ్చేశారా!”

“మాడ్చేశానండీ. ఇప్పుడు దీన్నేం చేయాలో తెలియడం లేదు.”

అప్పటినుంచి ఇదే మా ఇంటి పద్ధతి. ఒకరోజు పాలు, ఒకరోజు సేమ్యా, ఒకరోజు పప్పు. నిత్యకు ఫోన్లో చెబితే అది ఏడ్చింది. తరవాత, “కానీ మమ్మీ, రోజూ? ఎన్నాళ్లు?” అంది. ఎన్నాళ్లో నాకేం తెలుసు? మాడితే వదలగొట్టే వైద్యం అమ్మ దగ్గర ఉంది. అమ్మకు పట్టినదానికి వైద్యం ఎవరి దగ్గరా లేదు. ఎంత వ్యవధి ఇచ్చినా అది వదిలేది కాదు, పోనుపోనూ మందమవుతుంది. నేను చేయగలిగింది రోజుకో గిన్నె మాడ్చడం, అంతే. ఆ కాసేపూ ఆవిడ ఒకరింట్లో పడి తినే ముసలావిడ కాదు, వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చే మనిషి.

నిన్న పొద్దున్న పప్పు మాడ్చాను. బాగా నల్లగా, నాకే సిగ్గేసేలా మాడింది. అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, నా వైపు జాలిగా చూసింది. దగ్గరికి వచ్చి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించింది.

“ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరు కదా? మీ అమ్మగారు మీకు వంట నేర్పలేదా?”

“నేర్పారండీ,” అన్నాను. “చాలా బాగా నేర్పారు. నాకే రాలేదు.”

“పోన్లెండి, బాధపడకండి. నేను చూపిస్తాను కదా.” నా చెయ్యి పట్టుకుంది. చలికి నా వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి, ఏమీ ఆలోచించకుండా ఎత్తి తన మెడ దగ్గర పెట్టుకుంది. అదిరిపడింది. అయినా తీయనివ్వలేదు. తాను ఏం చేస్తోందో ఆవిడకు తెలియదు, నేనెవరో తెలియదు. వేళ్లు వెచ్చబడ్డాక నా చేతికి చెంబు ఇచ్చింది. నేను ఏమీ రానిదానిలా నిలబడి, ముందు ఏం చేయాలండీ అని అడిగాను.

“ముందు నీళ్లు,” అంది అమ్మ. “తరవాతే నిప్పు.”